మా బావ పికప్పూ, దాని ఎర్ర నూనే

మా బావకి చేపలంటే సిగ్గు. చేపలు అమ్మి పెంకుటిల్లు తీసేసి డాబా వేశాడు, చేపలమ్మిన డబ్బుతోనే తెల్ల బుష్‌షర్టులు కుట్టించుకున్నాడు, చేపల వ్యాపారం బాగుందనే మా వాళ్ళు అక్కనిచ్చి పెళ్ళి చేశారు. అయినా బెజవాడలో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "ఎగుమతులండీ" అనేవాడు. ఏం ఎగుమతులని వాళ్ళు రెండో ప్రశ్న వేసేలోపు గాలి ఆయన తరఫున జవాబు చెప్పేసేది.

డెబ్బైల నడుమ ఆయన ఒక పికప్పు కొన్నాడు. ఏదో మిషనరీ ఆసుపత్రి దొరలు వాడి వాడి వేలం వేసిన అమెరికా బండి. ముందు కూర్చునే గది, వెనక సామాను వేసుకునే తొట్టి. స్టీరింగు ఎడమ వైపు. క్లచ్చి లేదు. గేర్లు మార్చే పని డ్రైవరుకి లేదు, బండే మార్చుకుంటుంది. "కార్లు కొన్నోడు వీధికొకడున్నాడు. ఇది కొన్నోణ్ణి జిల్లాకి నేనొక్కణ్ణే" అని బావ ధీమా. నిజమే. జిల్లాలో ఇంకెవడికీ అంత తెలివితక్కువతనం పట్టలేదు.

నడిపేవాణ్ణి నేను. ఏడో తరగతిలో బడి మానేసి, లారీ షెడ్లలో పడి లేచి, లైసెన్సు సంపాదించినవాణ్ణి. జీతం అడిగితే "బావమరిదివి, నీకు జీతమేంట్రా" అనేవాడు. సెలవు అడిగితే "డ్రైవరువి, నీకు సెలవేంట్రా" అనేవాడు. బండిలో నేను ఎడమ పక్క, ఆయన కుడి పక్క. దూరం నుంచి చూసినవాళ్ళు ఆయనే నడుపుతున్నాడనుకునేవారు. కొన్నాళ్ళకి ఆయన కూడా అలాగే అనుకోసాగాడు.

వ్యాపారం నిజానికి అక్కది. బందరు దగ్గర మా ఊరి రేవులో తెల్లారగట్ల పడవలు వస్తే, చేపలు ఏరేది, బేరమాడేది, గంపల్లో ఐసూ ఉప్పూ పొరలుపొరలుగా వేసి పైన రంపపు పొట్టు కప్పించేది అక్కే. పదింటికి బండి కదిలితే మధ్యాహ్నం ఒంటిగంట దాటేసరికి బెజవాడ స్టేషన్లో ఉండాలి. కలకత్తా వైపు పోయే రైలు పార్సిలు పెట్టెలో మాకు ఇన్ని గంపలకని చోటు ఉండేది. ఆ చోటు ఇప్పించినవాడు స్టేషను దగ్గరి చేపల ఏజెంటు. రోజూ చేపలు రావాలి, వేళకి రావాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఆయనకి తెలిసిన వేదాంతం అంతే.

ఒక పొద్దున బండి తీస్తే, అది నిలబడ్డ చోట నేల ఎర్రగా ఉంది.

"ఒరేయ్, నెత్తురు!" అన్నాడు బావ, రెండడుగులు వెనక్కి వేసి.

"నూనె బావా."

"నూనె ఎర్రగా ఉంటదంట్రా?"

"అమెరికాది కదా. ఎర్రగానే ఉంటది."

ఇక్కడ కాస్త బండి పాఠం చెప్పాలి, ఓపిక పట్టండి. ఆ గేరుబాక్సులో పోసేది మామూలు గేరాయిలు కాదు, పల్చటి ఎర్ర నూనె. బండి పరిగెత్తి వేడెక్కితే ఆ నూనె సన్నటి ఇనప గొట్టంలోంచి ముందున్న రేడియేటరు అడుక్కి పోయి, అక్కడ చల్లబడి, రెండో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. గొట్టం చిల్లుపడితే నూనె పోతుంది. నూనె పోతే గేరుబాక్సు మాడుతుంది. అది మాడితే బండిని పాత ఇనుముకి తూకం వేసుకోవడమే, ఎందుకంటే దాని సామాను మన దేశంలో పుట్టదు. ఆ ఎర్ర నూనె కూడా మద్రాసు నుంచి డబ్బాల్లో తెప్పించుకునేవాళ్ళం.

ఇదంతా నేను బావకి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, వెళ్ళి అమ్మవారికి కోణ్ణి కోయించాడు. బండి చుట్టూ దిష్టి తీసి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించాడు. నేను చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాను, పళ్ళతో కోడికాలు నమిలాను. గొట్టం మాత్రం కారుతూనే ఉంది. కోడి ప్రాణం ఊరికే పోయిందని నేననను, కూర బాగానే కుదిరింది.

తర్వాత బెజవాడ మేస్త్రీ వంతు. ఆటోనగర్లో పేరున్నవాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్తాడని ప్రతీతి. బండి కిందికి దూరాడు. ఎంతసేపటికీ రాలేదు. నిద్రపోయాడేమో అని నేను వంగి చూశాను. బయటికి వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుని, మర్యాదగా అడిగాడు.

"దీనికి క్లచ్చి ఎక్కడుందండీ?"

"లేదండీ."

"పోయిందా?"

"పుట్టుకతోనే లేదండీ."

ఆయన మొహం చూడాలి. ఆడపిల్ల జాతకం తెచ్చి పెళ్ళికొడుకుది అన్నట్టు చూశాడు. అయినా పేరున్నవాడు కదా, తెలియదంటే పేరేం కావాలి? చిల్లుపడ్డ చోట గొట్టాన్ని రంపంతో కోసేసి, మధ్యలో పంపుసెట్లకి వాడే రబ్బరు గొట్టం ముక్క తొడిగి, రెండు చివర్లా తీగ చుట్టి, "ఇహ మీ మనవలదాకా చూసుకోనక్కర్లేదండీ" అన్నాడు. మనవలదాకా ఎందుకు, మర్నాడు చేపల లోడుతో కంకిపాడుదాకా వచ్చింది. అక్కడ వేడి నూనెకి రబ్బరు ఉబ్బి టప్పుమంది. రోడ్డు మీద ఎర్రటి చార.

బావ తెలివి అప్పుడు వికసించింది. పక్కనే కొట్టుకి పరిగెత్తి బట్టల సబ్బు బిళ్ళ పట్టుకొచ్చాడు. పెట్రోలు ట్యాంకు కారితే మన డ్రైవర్లు సబ్బు పూస్తారు, అది నిలుస్తుంది కూడా. కానీ ట్యాంకులో పెట్రోలు చల్లగా కూర్చుని ఉంటుంది, ఈ నూనె కాగుతూ తోసుకొస్తుంది. చెప్తే వినడు. పూశాను. రెండు ఫర్లాంగుల్లో నురగ. వెనక సైకిలు మీద వచ్చేవాడు కేకేశాడు: "ఏవండోయ్, మీ బండి బట్టలుతుక్కుంటోంది!"

ఆ రోజు రైలు తప్పింది. చేపలు బెజవాడ బజారులో పోయినకాడికి పోయాయి.

తర్వాతి వైద్యం నాది. దీని గురించి చెప్పడం నాకేం సరదాగా లేదు, కానీ మేస్త్రీని అన్ని మాటలన్న నోటితోనే ఇదీ చెప్పాలి. ఇనుము కదా చిల్లుపడింది, రాగి అయితే తుప్పు పట్టదు అనుకున్నాను. అంత పొడుగు సన్న రాగి గొట్టం మా వైపు ఎక్కడుంటుంది? సారా బట్టీలో ఉంటుంది. లంకల్లో సారా కాచే పెద్దమనిషిని బతిమాలి ఒక గొట్టం తెచ్చి, చేత్తోనే వంపులు తిప్పి బిగించాను. బంగారంలా మెరిసింది. ఊళ్ళో వాళ్ళు బండి కింద వంగి వంగి చూసిపోయారు. ఒకాయన వాసన చూసి, ఇంకోసారి చూశాడు.

అయిదు రోజులు నడిచింది. ఆ అయిదు రోజులూ నేను భూమ్మీద నడవలేదు. ఆరో రోజు పామర్రు దాటాక, గతుకుల్లో అదిరి అదిరి, నట్టు దగ్గర రాగి మూతి కత్తితో కోసినట్టు తెగింది. నూనె మొత్తం పోయింది. వెంటనే ఇంజను ఆపబట్టి గేరుబాక్సు మిగిలింది. రైలు మాత్రం మిగల్లేదు.

ఏజెంటు కబురు పెట్టాడు. చాలా మర్యాదగా. "రెండుసార్లు చూశానండీ. రేపొక్కరోజు ఓర్చుకుంటాను, ఎల్లుండి కూడా బండి రాకపోతే మీ చోటు వేరే పార్టీకి ఇచ్చేస్తానండీ. ఏమీ అనుకోకండి."

ఆ వేరే పార్టీ ఎవరో మాకు తెలుసు. మా ఊరివాళ్ళే. వాళ్ళకి లారీ ఉంది. మా గంపలు వాళ్ళ లారీలో వేసి పంపుదామా అంటే, మా బండి ఎప్పుడు పడుకుంటుందా అని వీధరుగు మీద కూర్చుని ఎదురుచూసేది వాళ్ళే. అక్క ఆ పూట అన్నం తినలేదు. ఆ చోటు పోతే మళ్ళీ గంప నెత్తిన పెట్టుకుని బస్సు టాపెక్కించాల్సిందే, బావ వాళ్ళమ్మ చేసినట్టు. బావ మాత్రం "అది పోతే పోనీ, బట్టల కొట్టు పెడదాం" అన్నాడు. ఎగుమతుల మనిషి కదా, ఆయనకి ఏదైనా ఒకటే.

ఇంట్లో ఎర్ర నూనె ఒక్క డబ్బా మిగిలింది. ఇంకో డబ్బా మద్రాసు నుంచి రావాలంటే వారం. చేతిలో ఉన్నది ఒక పగలు.

"ఒరేయ్, ఐసు ఫ్యాక్టరీ బాబాయిని అడిగావా?" అంది అక్క.

అడగలేదు. ఎందుకు అడగలేదంటే, మోటారు వాళ్ళకి ఐసు ఫ్యాక్టరీ ఫిట్టరంటే లెక్కలేదు. కదలని మిషను దగ్గర కూర్చునేవాడు కూడా మెకానిక్కేనా అని మా అభిప్రాయం. రోజూ ఐసు కోసం వెళ్ళినప్పుడల్లా "ఏం బాబాయ్, ఈ రోజు నీ మిషను ఎంత దూరం పోయొచ్చింది?" అని నేనే వేళాకోళం చేసేవాణ్ణి. ఆ నోరే వేసుకుని వెళ్ళాను.

ఆయన బీడీ ఆర్పకుండా విన్నాడు. "మరి రాగి ఎందుకు పెట్టావురా?"

"తుప్పు పట్టదని బాబాయ్."

"అదురుడుకి తెగుద్దని తెలీదా? చప్పట్లు కొట్టించుకునే వస్తువు పెట్టావు, పన్జేసే వస్తువు పెట్టలేదు. మా ఫ్యాక్టరీలో అమ్మోనియాకి ఉక్కు గొట్టాలే. రాగిని అది తినేసుద్ది." కాస్త ఆగి, "మా మిషను ఎక్కడికీ పోదు గదా, గొట్టం ఇప్పుకుని పారిపోదు కూడా" అన్నాడు.

పడ్డాను. పడాల్సిందే.

బండిని ఫ్యాక్టరీ ముందుకి తోయించాం. బాబాయ్ కింద పడుకుని చూశాడు. కారుతున్న గొట్టం పక్కదే, ఇంకా కారని రెండో గొట్టం. దాని మీది తుప్పుని గోటితో గీకాడు. ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు" అన్నాడు బాబాయ్. "చేప నీళ్ళు. ఇక్కడికెట్టా వచ్చినియ్యి? తొట్టి వెనక గదా ఉంది." తల తిప్పి చూశాడు. "ఈ రేకు కాలవేందిరా?"

నేను బావ వైపు చూశాను. బావ ఆకాశం వైపు చూశాడు.

ఆ రేకు కాలవ చరిత్ర ఇది. రెండేళ్ళ కింద బెజవాడలో ఒక పెద్దమనిషి, ఇస్త్రీ పంచె కట్టుకున్నవాడు, మా బండి వెనక నడుస్తూ చేప నీళ్ళు చిందించుకున్నాడు. "కంపు వెధవల్లారా, ఊళ్ళోకి ఎందుకొస్తార్రా!" అని నలుగురిలో అరిచాడు. మా బావ వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. వారం తర్వాత ఆయన బుర్రలో ఒక పథకం పుట్టింది. తొట్టిలో కరిగిన నీళ్ళు వెనక నుంచి రోడ్డు మీద పడకూడదు. రేకు కాలవ కట్టి, వాటిని ముందుకి మళ్ళించి, గది కింద సైలెన్సరు గొట్టం మీద పడేలా చేస్తే, ఆ వేడికి ఆవిరైపోతాయి. రోడ్డు మీద చుక్క కనపడదు, పరువు నిలుస్తుంది.

చేప నీళ్ళు కాలే ఇనుము మీద పడితే ఏమవుతుందో వంట చేసే ఏ ఆడమనిషిని అడిగినా చెప్పేది. ఆయన అడగలేదు. అప్పటి నుంచి మా బండి వీధిలోకి వస్తే చుక్క కనపడేది కాదు గానీ, పులుసు మాడిన వాసన నాలుగు వీధుల అవతలికి కొట్టేది. దానికి ఆయన "ఎవరింట్లోనో మాడింది" అనేవాడు.

ఇందులో నా భాగం కూడా ఉంది. రేకు వంచించింది నేను. దాన్ని గది కింద నిలబెట్టడానికి ఆధారం కావాలి కదా. చేతికి అందేలా రెండు సన్న గొట్టాలు బారుగా కనిపించాయి. బైండింగు తీగతో కాలవని వాటికే కట్టాను. గట్టిగా, ఎనిమిది చోట్ల. ఉప్పునీళ్ళు కారి కారి, ఉప్పు ఆవిరి తగిలి తగిలి, తీగ రాసుకుని రాసుకుని, ఆ గొట్టాలు రెండేళ్ళలో అరిగిపోయాయి. అంతకంటే సిగ్గు ఏంటంటే, గొట్టం బాగుచేసిన ప్రతిసారీ ఆ కాలవని విప్పి, పని కాగానే భక్తిగా మళ్ళీ కట్టిందీ నేనే. ఆటోనగర్ మేస్త్రీ కూడా చూశాడు గానీ, అది అమెరికా వాళ్ళ ఏర్పాటనుకున్నాడట.

బాబాయ్ అంతా విని, బావ మొహంలోకి చూసి, "చేపలమ్ముకునేవాడికి చేప కంపు దాచుకోవాలనే బుద్ధి ఎట్టా పుట్టిందయ్యా?" అన్నాడు. బావ ఆయన దగ్గరే ఒక బీడీ అడిగి వెలిగించుకున్నాడు.

తర్వాత బాబాయ్ పని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీ పాత సామానులో సరిపడే ఉక్కు గొట్టం తీశాడు. మొదటి గొట్టం ముక్కలయింది కాబట్టి, ఆ ముక్కలన్నీ నేల మీద వరసగా పేర్చి, సుద్దముక్కతో వాటి వంపులు గీశాడు. కొత్త గొట్టంలోకి జల్లించిన పొడి ఇసుక కూరి, రెండు మూతులకీ చెక్కబిరడాలు కొట్టాడు. లోపల ఇసుక నిండుగా ఉంటే వంచినప్పుడు గొట్టం నొక్కుకుపోదు. కొలిమి దగ్గర కొద్ది కొద్దిగా వేడి చేస్తూ, సుద్ద గీత మీద పెట్టి చూస్తూ వంచాడు. తొందరపెడదామని బావ వాచీ చూశాడు. బాబాయ్ పని ఆపి, "ఏంది, టైమెంతయింది?" అని అడిగి, ఆయన చెప్పేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. బావ మళ్ళీ వాచీ చూడలేదు.

వంచాక ఇసుక దులిపి, గొట్టం నా చేతికిచ్చాడు. "కిరసనాయిలు పోసి ఊదు."

ఊదాను. "శుభ్రంగా ఉంది బాబాయ్."

"ఇంకోసారి."

"ఏం లేదు బాబాయ్ లోపల."

"ఇంకోసారి ఊదరా. ఒక్క ఇసక రేణువు గేరుబాక్సులోకి పోయిందంటే, మీ అక్క గంప నెత్తికెత్తుకుంటది."

ఏడుసార్లు ఊదాను. ఏడోసారి గుడ్డ మీద ఒక ఇసుక రేణువు పడింది. అది చూశాక ఇంకో అయిదుసార్లు, ఎవరూ చెప్పకుండానే ఊదాను. రెండు రోజులు నా నోట్లో అన్నం కూడా కిరసనాయిలు వాసనే వేసింది.

పాత నట్లు తొడిగి, గొట్టం మూతుల్ని కోను లాంటి ఇనప మొన మీద కొట్టి వెడల్పు చేసి, తుప్పు పట్టిన రెండో దానికి బదులు కూడా ఇలాగే ఒకటి వంచి, రెండు గొట్టాలూ బిగించాడు. ఎక్కడా ఇనుముకి ఇనుము తగలకుండా సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఛాసిస్‌కి పట్టీలు వేశాడు. ఉన్న ఒక్క డబ్బా నూనె పోసి ఇంజను ఆడించాం. పాత దినపత్రిక కింద పరిచి చూస్తూ కూర్చున్నాం. కాగితం మీద చుక్క పడలేదు. పొద్దు గుంకే వేళకి బాబాయ్ లేచి, రేకు కాలవని కాలితో మడిచి తుక్కు కుప్పలో పడేశాడు.

మర్నాడు పొద్దున గంపలు ఎక్కిస్తుంటే బావ తెల్ల బుష్‌షర్టుతో వచ్చాడు. చేతిలో అదే రేకు కాలవ. తుక్కులోంచి ఏరి, సుత్తితో సాగదీయించి తెచ్చాడు.

"ఇది కట్టరా. ఈసారి గొట్టాలకి వద్దు, వేరే చోట కట్టు."

"ఆవిరి ఎక్కడ కట్టినా తగులుద్ది బావా."

"బెజవాడ బజార్లో నా పరువేం గావాలి?"

అక్క గంప దింపకుండానే ఇటు తిరిగింది. చెయ్యి మోచేతిదాకా ఐసు, పొలుసులు. "పరువు రైలెక్కదయ్యా, గంపలెక్కాలి. ఆ రేకు ఇటివ్వు."

ఆయన ఇచ్చాడు. ఆవిడ దాన్ని ఏం చేసిందో నేను చూడలేదు, బండి కదిలించేశాను.

ఆ రోజు బందరు కాలవ పక్కన దారి పొడుగునా మా వెనక తడి చార. పామర్రు దాటాం, కంకిపాడు దాటాం. ఊరు దాటిన ప్రతిసారీ ఆపి కింద చూశాను. గొట్టాలు పొడిగా ఉన్నాయి. పటమట దగ్గర స్కూటరు మీది ఒకాయన ముక్కుకి రుమాలు కట్టుకుని, మమ్మల్ని దాటుకుంటూ, మా వంశాన్ని మూడు తరాల వెనక్కి తిట్టాడు. బావ కిటికీ అద్దం ఎత్తేసి, దినపత్రిక మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పత్రిక తలకిందులుగా ఉంది.

స్టేషనుకి చేరేసరికి రైలు ఇంకా రాలేదు. గంపలు దింపుతుంటే ఏజెంటు వచ్చాడు. తడి చార వెంట చూపు పోనిచ్చి, "బజారంతా తడుపుకుంటూ వచ్చిన బండి మీదేనాండీ?" అని బావని అడిగాడు.

బావ నా వైపు చెయ్యి చూపించాడు. "ఆ డ్రైవరుదండీ."

"ఎవరిదైతేనేమండీ. వేళకొచ్చింది. రేపు కూడా ఇదే వేళకి రానివ్వండి, చోటు మీదే." ఏజెంటు వెళ్ళిపోయాడు.

రైలు వచ్చింది. మా గంపలు ఒక్కొక్కటే పార్సిలు పెట్టెలోకి పోయాయి, ఆఖరిదాకా. తలుపు వేశాక బావ నా పక్కకి వచ్చి, ఎవరూ వినకుండా అడిగాడు.

"రేపటికన్నా ఆ రేకు కట్టొచ్చేమో చూడరా."

"అక్కనడుగు బావా" అన్నాను.

అడగలేదు. ఆ రోజు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. బండి వెనక తడి చార అలాగే ఉండిపోయింది, రైల్లో మా చోటు కూడా.